పరస్పర అంగీకార విడాకులు: సంతకానికి ముందు

(న్యాయ సహాయ కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



'ఇద్దరూ ఒప్పుకున్నారు కదా, ఇక గొడవేముంది?' పరస్పర అంగీకారంతో విడాకులు అనగానే బంధువులూ, ఒక్కోసారి మనమూ అనే మాట ఇది. గొడవ లేని ఈ విడాకుల గురించే ఇవాళ మాట్లాడతాను.

1955లో హిందూ వివాహ చట్టం వచ్చినప్పుడు విడాకులు కావాలంటే దాదాపుగా అవతలివాళ్ల తప్పు రుజువు చెయ్యాల్సిందే. 1976 సవరణతో 13-బి సెక్షన్ చేరింది. ఏడాది, అంతకుమించి విడిగా ఉంటూ, ఇక కలిసి బతకలేమని ఇద్దరూ అనుకుంటే ఉమ్మడిగా పిటిషన్ వెయ్యొచ్చు. ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలల లోపు, ఇద్దరూ మళ్లీ వచ్చి విడాకులు కోరాలి. ఈ ఆరు నెలలను తగిన కేసుల్లో మినహాయించవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పడగ్గది సంగతులన్నీ కోర్టు హాల్లో చెప్పుకునే నరకం దీనివల్ల ఎందరో స్త్రీలకు తప్పింది. నా దృష్టిలో ఇది మంచి చట్టమే.

అయితే ఆ కాగితం ఎవరు రాస్తున్నారు?

నా పరిశోధన కోసం ఒక జిల్లా కోర్టు వరండాలో చాలా రోజులు కూర్చున్నాను. అక్కడ పరిచయమైన ఒకామె ఇద్దరు పిల్లల తల్లి, బట్టలు కుట్టి బతుకుతోంది. 'లాయరుగారు ఇద్దరికీ ఒక్కరే మేడమ్. ఖర్చు కలిసొస్తుందని మా ఆయనే మాట్లాడాడు' అంది. మొదటి వాంగ్మూలం అప్పటికే అయిపోయింది. పిటిషన్ చూపించమని అడిగి, చదివి తెలుగులో చెప్పాను. ఏడో పేరాలో, తన స్త్రీధనం పూర్తిగా ముట్టిందనీ, తనకూ పిల్లలకూ ఇకముందు మనోవర్తి అడగననీ ఉంది. నిజానికి ఆమె ఆరు తులాల బంగారం అత్తగారింటి బీరువాలోనే ఉంది. 'ఇంగ్లీషులో రాస్తే నాకెట్లా తెలుస్తది?' అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో.

లాయరు సహాయం అంటే ఆమె కోసం పనిచేసే లాయరు సహాయం. ఫ్యామిలీ కోర్టుల చట్టం (1984) ప్రకారం అక్కడ లాయరును పెట్టుకోవటం హక్కు కాదు, కోర్టు అనుమతించాలి. స్త్రీలకు కోర్టు భయం పోవాలన్నది ఉద్దేశం కాబోలు. కానీ పిటిషన్ రాసేది మాత్రం ఎక్కడైనా లాయరే. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచితంగా లాయరును పొందే హక్కు 1987 న్యాయ సేవాధికార చట్టం పన్నెండో సెక్షన్‌లో ఉంది. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మరో రెండు విషయాలు ఆమెకు పనికొచ్చాయి. డిక్రీ వచ్చేదాకా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చని 1991లో సురేష్టా దేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పరస్పర అంగీకారంతో విడాకులు పొందిన స్త్రీ కూడా 125 సెక్షన్ కింద మనోవర్తి అడగొచ్చని 1995లో వనమాల కేసులో చెప్పింది. (2024 జూలై నుంచి ఆ సెక్షన్ స్థానంలో కొత్త చట్టంలోని 144 వచ్చింది.) అడగనని రాసిచ్చాక అడగాలంటే మాత్రం పోరాటం సాగుతూనే ఉంటుంది. పిల్లల మనోవర్తి సంగతి వేరు. అది పిల్లల హక్కు, తల్లి వదులుకోగలిగింది కాదు.

ఊళ్లల్లో పెద్దమనుషులు స్టాంపు కాగితం మీద రాయించే తెగదెంపుల గురించి విడిగా మాట్లాడుకోవాలి. ఆ కులంలో అలాంటి ఆచారం ఉందని రుజువు కాకపోతే, నోటరీ ముద్ర ఉన్నా అది విడాకులు కాదు.

ఆమె న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లింది. కొత్త లాయరు నగల జాబితా రాయించారు. బంగారం, పిల్లల పేర డి.డి. కోర్టులో చేతికందాకే రెండో వాంగ్మూలం అన్నారు. భర్త రెండు వాయిదాలకు రాలేదు. చివరికి నాలుగు తులాలు వచ్చాయి, డి.డి. వచ్చింది. మిగతా రెండు తులాలు ఆడబిడ్డ పెళ్లిలో కరిగిపోయాయన్నారు. 'చాలు మేడమ్, ఇక తిరగలేను' అని సంతకం పెట్టింది, ఈసారి ప్రతి పేరా చదివించుకుని.