స్వస్థత కలుగని ప్రార్థన



గోదావరిఖనిలో ఒకనాటి సాయంకాలము, పని విరమించిన ఒక కోల్ ఫిల్లరు ఇంట కూర్చుంటిని. ముప్పది యేండ్లు భూగర్భములో తట్టా చెమ్మస్ పట్టిన చేతులవి. ఇప్పుడు మంచము నుండి వాకిలి వరకు నడచుటకు ఆయన రెండు మారులు ఆగవలెను. బొగ్గు ధూళి ఊపిరితిత్తులలో చేరి తెచ్చిన వ్యాధి అది. సంఘమువారు ఉపవాస ప్రార్థనలు చేసిరి. పెద్దలు నూనె రాచి ప్రార్థించిరి. ఆయాసము తగ్గలేదు. ఎవరో వచ్చి, విశ్వాసము చాలనందుననే స్వస్థత రాలేదని చెప్పి పోయిరట. ఆయన నన్నడిగినది ఒక్కటే: "రోగం సంగతి పోనీ సారు, నా నమ్మకమే తక్కువైందంటరా?"

ముందు వ్యాధి సంగతి చూతము. పీల్చిన ధూళిలో పెద్ద రేణువులను ముక్కు, గొంతు అడ్డగించును. మిక్కిలి సన్ననివి ఊపిరితిత్తుల లోతులకు పోయి నిలిచిపోవును. వాటిచుట్టు కండ మచ్చకట్టి గట్టిపడును. ఆ మచ్చను కరిగించు మందు లేదు. వైద్యుడు ఆయాసమును తగ్గించగలడు, అంతే. 1952 నాటి గనుల చట్టము దీనిని ప్రభుత్వమునకు తప్పక తెలుపవలసిన వ్యాధులలో చేర్చినది. మందు చాలని చోటనే మనిషి ప్రార్థనను మరింత గట్టిగా పట్టుకొనుట సహజము.

రోగి సంఘపు పెద్దలను పిలిపించుకొనవలెనని యాకోబు పత్రిక చెప్పుచున్నది. కనుక సంఘమువారు చేసినది ఉచితమే. అయితే అదే క్రొత్త నిబంధనలో స్వస్థత పొందనివారును ఉన్నారు. పౌలు తన శరీరములోని ముల్లు తొలగవలెనని మూడు మారులు వేడెను. ముల్లు తొలగలేదు, దానిని భరించు కృప మాత్రము లభించెను. ఆయన సహచరుడు త్రోఫిము రోగియై మిలేతులో నిలిచిపోయెను. తిమోతి తరచు జబ్బుపడుచుండగా పౌలు అతని విశ్వాసమును నిందింపలేదు. కడుపు బాగగుటకు కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మని సలహా చెప్పెను.

మరియొక తండ్రి కలడు. తనలోని అవిశ్వాసమును ఒప్పుకొనుచునే కుమారుని కొరకు యేసును వేడెను. ఆ బాలుడు బాగుపడెను. సగము నమ్మిన తండ్రికి స్వస్థత దొరకినది. నిండుగ నమ్మిన పౌలునకు దొరకలేదు. అనగా, విశ్వాసమును తూచి దానికి సరిపడ స్వస్థతను కొలిచి యిచ్చు అంగడి కాదది. గెత్సేమనే తోటలో యేసు సైతము తన పాత్ర తొలగవలెనని అడిగెను, అది తొలగలేదు. ఆయన విశ్వాసము తక్కువైనదని ఎవరనగలరు?

యోబు మిత్రులను తలచుకొందము. ఏడు దినములు వారు నేలపై అతని చెంత మౌనముగా కూర్చుండిరి. అదియే వారు చేసిన మంచి పరామర్శ. తరువాత నోరు విప్పి అతనిలో తప్పు వెదకిరి. చివరకు దేవుడు కోపించినది యోబుపై కాదు, ఆ మిత్రులపైననే.

మరి స్వస్థత ఈయలేనప్పుడు చేయదగినదేమి? నిజామాబాదు జిల్లాలోని డిచ్‌పల్లి దీనికి ఒక జవాబు చెప్పుచున్నది. అక్కడ 1915లో కుష్ఠురోగుల ఆశ్రయము వెలసినది. డాక్టరు ఇసబెల్ కెర్ దానిని నడిపెను. కుష్ఠును నిజముగా జయించిన సల్ఫోను మందులు 1940వ దశకములో గాని రాలేదు. ఆమె 1932లోనే గతించెను. జయము చూడకయే, సమాజము వెలివేసినవారి పుండ్లు కడిగి కట్టుట ఆమె మానలేదు.

బొగ్గుబావులలో నేడు పని చేయువారికి ధూళిని అణచు నీటి తుంపరలు, ముఖమునకు కట్టు మాస్కు, క్రమము తప్పని ఊపిరితిత్తుల పరీక్ష కావలెను. ఇవి ప్రార్థనకు పోటీ కావు. రోగి మందు మానుట భక్తి కాదు. అతని విశ్వాసమును కొలుచుట పరామర్శ కాదు.

నేనా పెద్దమనిషితో, "మీ నమ్మకము తక్కువ కాలేదు" అంటిని. అంతలో రాత్రి షిఫ్టు సైరను మ్రోగినది. ఆయన కన్నులు మూసి, గనిలోనికి దిగువారి కొరకు ప్రార్థించెను. తన కొరకు అడుగుట మానితిరా అంటిని. ఆయన నవ్వి ఇట్లనెను: "అది గూడ అడుగుతనే ఉన్న సారు. జవాబు రాలేదని మాట్లాడుడు బందు జేస్తమా?"