ముందు ఖర్చు గాదు, ధైర్యము గావలెను

చిత్తూరు న్యాయస్థానమున మేము చూచుచున్నదొకటి కలదు. అత్యాచారమునకు గురియైన స్త్రీ బంధువులు మొదట నడుగునది న్యాయము గాదు, ఖర్చెంత యని. కమ్మలు కుదువబెట్టి వచ్చినవారును గలరు. అక్కరలేదు! 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము, ఆదాయ మెంతయైనను, స్త్రీకి వకీలు ఉచితము. ఆమెకు ప్రైవేటు ఆసుపత్రులు సైతము ఉచితముగా చికిత్స చేయవలెనని 2013లో శాసనమైనది; నేటి నాగరిక సురక్షా సంహిత 397వ సెక్షనును అదియే చెప్పుచున్నది.

గాయము మానును. నిద్ర రాదే! పరువు పరువని యింటివారే నోరు మూయింతురు. మనసు విప్పి చెప్పుకొనుటకు 2015లో మొదలైన సఖి కేంద్రములు గలవు. 181కి గాని, మనోవ్యథకు 14416కు గాని ఫోను చేయవచ్చును. రుసుము లేదు. తిరుపతి రుయా ఆసుపత్రి వసారాలో కూలబడిన తల్లికి ఈ మాట చెప్పువారెవరు?

ఈ పఠనాలయపు గోడమీద రేపే యీ అంకెలు వ్రాయింపుడు. రంగు ఖర్చు మేమిత్తుము.