జాతీయ కృత్రిమ మేధ: ప్రభుత్వం ముందుగా కట్టవలసినది
(పల్నాడులోని నకరికల్లులో చేసిన స్మారకోపన్యాస పాఠం)

దేశానికి సొంత కృత్రిమ మేధ వ్యవస్థ ఉన్నదనాలంటే భారీ గణన చేయగల యంత్రాలు, వాటికి నిరంతరాయంగా కరెంటు, యంత్రానికి నేర్పడానికి కావలసిన సమాచారం, నేర్పగల మనుషులు, ఫలితాన్ని వాడుకోగల ప్రభుత్వ శాఖలు, వీటన్నిటికీ హద్దులు గీసే చట్టం ఉండాలి. వీటిలో కొన్నింటిని మార్కెట్టు తనంతట తాను సమకూరుస్తుంది. కొన్నింటిని ఎన్నేళ్లు గడిచినా సమకూర్చదు. ప్రభుత్వం చేయవలసిన పని ఈ రెండో రకంలో ఉంది. ఆ రెండో రకంలో ఏవి చేరతాయన్నది ఇంకా తేలని వివాదం. ఈ ఉపన్యాసం ఆ వివాదం గురించే.

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున ఏర్పాటైందో ఆయన ఈ ప్రాంతపు బడుల్లో లెక్కలు చెప్పిన మాస్టారు. జవాబు సరిపోయినా మధ్య మెట్లు చూపించకపోతే సగం మార్కులే వేసేవారు. ఉపన్యాసకర్త ఆ సగం మార్కులు తెచ్చుకున్న విద్యార్థుల్లో ఒకడు. ఆయన స్మృతికి నమస్కారం.

భారతదేశంలో ఇంతవరకు జరిగినది అందరికీ తెలిసినదే. నీతి ఆయోగ్ 2018 జూన్‌లో జాతీయ కృత్రిమ మేధ వ్యూహపత్రం వెలువరించింది. ఇండియా ఏఐ మిషన్‌ను కేంద్ర మంత్రివర్గం 2024 మార్చి 7న ఆమోదించింది. అయిదేళ్లకు దాని కేటాయింపు 10,371.92 కోట్ల రూపాయలు. దాని కింద 38,000కు పైగా జీపీయూలు (భారీ గణనకు వాడే చిప్‌లు) సమకూరాయని, గంటకు సుమారు 65 రూపాయల సగటు రాయితీ ధరకు పరిశోధకులకూ అంకుర సంస్థలకూ ఇస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది. దేశీయ భాషా నమూనా తయారీకి 2025 ఏప్రిల్‌లో సర్వం ఏఐని ఎంపిక చేసింది. ఆంధ్రప్రదేశ్ విషయానికి వస్తే, విశాఖపట్నంలో అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ కేంద్రం నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. యంత్రాలకు పెట్టుబడి వస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు. కరెంటు, నీరు, భూమి ఏ షరతుల మీద ఇవ్వాలన్నది వేరే చర్చ.

అసలు తగవు కేటాయింపుల పట్టిక దగ్గర మొదలవుతుంది. మిషన్ మొత్తంలో గణన సామర్థ్యానికి 4,563.36 కోట్లు, నవకల్పన కేంద్రానికి 1,971.37 కోట్లు, అంకుర సంస్థల పెట్టుబడికి 1,942.50 కోట్లు కేటాయించారు. సమాచార భాండారానికి దక్కినవి 199.55 కోట్లు. అంటే యంత్రాల వాటా నూటికి 44, ఆ యంత్రాలు నేర్చుకోవలసిన సమాచారం వాటా నూటికి 2 కూడా లేదు. యంత్రాలు కొంటే సమాచారం దానంతట అదే వచ్చి చేరుతుందన్న నమ్మకం ఈ పట్టిక వెనక ఉంది. ఆ నమ్మకం తప్పు. విదేశాల చరిత్రా, తెలుగునాట గతమూ అది తప్పని చూపిస్తున్నాయి.

ముందుగా అమెరికా సంగతి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి యంత్రానికి మాట వినడం నేర్పే పరిశోధనలో ఆద్యులలో ఒకరు. 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. ఆయన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేసిన కృషికి డబ్బు పెట్టింది ఆ దేశపు రక్షణ పరిశోధన సంస్థ. అయితే ఆ రంగం కుదురుకున్నది డబ్బు వల్ల మాత్రమే కాదు. 1980ల రెండో సగంలో ఆ సంస్థ అన్ని ప్రయోగశాలలకూ ఒకే ధ్వని భాండారం ఇచ్చి, ఒకే పరీక్ష పెట్టి, ఫలితాలను పక్కపక్కన ఉంచింది. ఎవరి పద్ధతి మెరుగో తేల్చే వీలు అప్పుడు కలిగింది. 1992లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లింగ్విస్టిక్ డేటా కన్సార్టియం అనే శాశ్వత సంస్థ ప్రభుత్వ ధనంతోనే మొదలైంది. ఆనాటి కంప్యూటర్లు ఎప్పుడో మూలపడ్డాయి. ఆనాటి ధ్వని భాండారాలను పరిశోధకులు నేటికీ వాడుతున్నారు.

జపాన్ అనుభవం ఇంకా సూటిగా ఉంటుంది. 1982లో మొదలైన అయిదో తరం కంప్యూటర్ పథకం ప్రత్యేక యంత్రాల మీద పదేళ్లు పనిచేసింది. 1992 నాటికి మామూలు వర్క్‌స్టేషన్లు వేగంలో వాటిని దాటిపోయాయి. అదే కాలంలో, 1986లో, విడిగా మొదలైన ఎలక్ట్రానిక్ నిఘంటు పథకం మాత్రం జపనీయ భాషా సాంకేతికతకు చాలా ఏళ్లు అక్కరకు వచ్చింది. యంత్రం విలువ ఏటేటా తరిగిపోతుంది. జాగ్రత్తగా సేకరించి, సరిచూసి, గుర్తులు పెట్టిన సమాచారం విలువ అలా తరగదు. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ దాన్ని మళ్లీ వాడుకోవచ్చు.

తెలుగులో ఈ పని ఎలా చేయాలో కంప్యూటర్లు వాడుకలోకి రాకముందే ఒక ప్రభుత్వ సంస్థ చేసి చూపింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం ప్రచురించింది. అది వ్యవసాయ పదాల సంపుటం. జిల్లాలకు మనుషులను పంపి, రైతుల నోట విన్నదాన్ని ప్రాంతాల వారీగా నమోదు చేయించారు. తరువాత చేనేత వంటి వృత్తులకూ సంపుటాలు వచ్చాయి. ఏ లాభమూ ఆశించని, ఏ కంపెనీ కూడా పూనుకోని పని అది. ప్రభుత్వ నిధి, శాస్త్రీయ పద్ధతి, క్షేత్రంలో తిరిగే మనుషులు, ఈ మూడింటినీ ఒక్కచోటికి తేవడమే అకాడమీ చేసింది. జాతీయ కృత్రిమ మేధకు నేడు కావలసిన సంస్థకు మూలరూపం అక్కడ ఉంది.

తరువాతి దశలోనూ పని ఆగలేదు. కేంద్రం 1991లో భారతీయ భాషల సాంకేతికాభివృద్ధి పథకం ప్రారంభించింది. 1998లో ఏర్పడిన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతిక పరిశోధన కేంద్రం, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్ర విభాగం యంత్రానువాదంలో, తెలుగు పదవిశ్లేషణలో గట్టి పునాది వేశాయి. 2022 జులైలో కేంద్ర ప్రభుత్వపు భాషా అనువాద వేదిక భాషిణి మొదలైంది. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ 2024లో ప్రకటించిన ఇండిక్‌వాయిసెస్ ధ్వని భాండారం తొలి విడతలో 145 జిల్లాల నుంచి, 22 భాషల్లో, 16,237 మంది గొంతులు 7,348 గంటల మేరకు ఉన్నాయి. అందులో చూసి చదివినవి నూటికి 9 మాత్రమే. మిగిలినదంతా సహజంగా మాట్లాడినదే. పద్ధతి ఇలాగే ఉండాలి. లోపం నిలకడలో ఉంది. ఇలాంటి సేకరణలు చాలావరకు గడువు పెట్టిన గ్రాంట్ల మీద నడిచే ప్రాజెక్టులు. గ్రాంటు ముగిస్తే సేకరణ ఆగుతుంది, తర్ఫీదు పొందిన మనుషులు చెదిరిపోతారు. జనగణనకూ వాతావరణ నమోదుకూ ఉన్నంత గట్టి శాశ్వత యంత్రాంగం భాషా సమాచారానికి లేదు.

ఈ వాదనకు ఎదురయ్యే ఆక్షేపణలు కొత్తవి కావు. కానీ పథకాలు రాసేవారు వాటినే మళ్లీ మళ్లీ ముందుకు తెస్తున్నారు గనుక జవాబు వివరంగా చెప్పాలి.

మొదటి ఆక్షేపణ: ఇంగ్లీషులో ఉన్న విజ్ఞానాన్ని తెలుగులోకి యంత్రమే అనువదించుకుంటుంది, వేరే సేకరణ దేనికి? దీనికి జవాబు పల్నాడు మిరప చేలోనే దొరుకుతుంది. ఆకులు పైకి ముడుచుకుంటే పై ముడత. దానికి కారణం తామర పురుగు. కిందికి ముడుచుకుంటే కింది ముడత. దానికి కారణం తెల్లనల్లి. నల్లి అసలు కీటకమే కాదు, దాని మందు వేరు. ఫోనులో రైతు ఒక్క ముక్కలో చెప్పిన లక్షణాన్ని యంత్రం ఉత్త ముడతగా వింటే తప్పు మందు చేలో పడుతుంది, ఖర్చు రైతు మీద పడుతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో తామర పురుగు గురించి కావలసినంత ఉంది. నకరికల్లు రైతు దాని గురించి ఎలా అడుగుతాడో ఆ పుస్తకాల్లో లేదు.

ఆ ప్రశ్నలు ప్రభుత్వం చేతికి అందుతూనే ఉన్నాయి. 2004 జనవరి 21న ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటర్లకు రైతులు సొంత భాషలోనే ఫోను చేస్తారు. ఆ కాల్స్ వివరాలు జిల్లాల వారీగా ప్రభుత్వ సమాచార వేదికలో అందరికీ అందుబాటులో ఉన్నాయి. అక్కడ కనిపించేది మాత్రం ఫోను ఎత్తిన ఉద్యోగి టైపు చేసిన పొడి సారాంశం, అదీ ఎక్కువగా ఇంగ్లీషులో. రైతు గొంతు గానీ, అతను చెప్పిన వరస గానీ అందులో లేవు. 2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు, పల్నాడు మిరపను తుడిచిపెట్టినప్పుడు, మునుపు చూడని ఆ లక్షణాలను ముందుగా గమనించినవారూ చెప్పినవారూ రైతులే. ఆ మాటలు తేదీలతో, ఊళ్ల పేర్లతో, ఉన్నవి ఉన్నట్టు ఉమ్మడి భాండారంలో చేరే ఏర్పాటు ఉండి ఉంటే, కొత్త చీడను తొలి వారాల్లోనే పట్టే సాధనానికి అదే ముడిసరుకు అయ్యేది.

రెండో ఆక్షేపణ: పెద్ద కంపెనీలు తెలుగును ఎలాగూ చేరుస్తున్నాయి కదా? చేరుస్తున్న మాట నిజమే. ఏ భాషను ఏ మేరకు చేర్చాలో నిర్ణయించేది మాత్రం కంపెనీయే. ఐస్‌లాండ్ జనాభా సుమారు 4 లక్షలు. 2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.11 కోట్లు. అయినా ఐస్‌లాండ్ ప్రభుత్వం ముందుగా సొంత భాషా సాంకేతిక కార్యక్రమం పెట్టి, పాఠ్య భాండారాన్ని, ప్రజలు ఇచ్చిన గొంతులను స్వేచ్ఛా లైసెన్సులతో సిద్ధం చేసుకుంది. 2023 మార్చిలో జీపీటీ-4 నమూనా వచ్చిన నాటికి, దాన్ని తయారుచేసిన ఓపెన్ఏఐ అందులో ఆ భాషను మెరుగుపరచడానికి ఐస్‌లాండ్‌తో కలిసి పనిచేస్తూ ఉంది. సిద్ధమైన సమాచారమూ, దాన్ని సరిదిద్దగల మనుషులూ ఉన్నందువల్లే ఆ దేశం బేరమాడగలిగింది.

మూడో ఆక్షేపణ బరువైనది: జనం మాటలను ప్రభుత్వం పోగుచేస్తే వారి గోప్యత ఏమవుతుంది? 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, కొన్ని మినహాయింపులతో, సమ్మతిని తప్పనిసరి చేసింది. కానీ అది వ్యక్తిని కాపాడుతుంది, సమూహం హక్కు గురించి పెద్దగా మాట్లాడదు. న్యూజీలాండ్‌లో తే హీకు మీడియా అనే మావోరి ప్రసార సంస్థ 2018లో పది రోజుల్లో 300 గంటలకు పైగా తమ భాషా ధ్వనులను సేకరించింది. ఆ సంపదకు సమూహమే సంరక్షకురాలని, సమూహానికి మేలు చేయని వాడకానికి అనుమతి లేదని సొంత లైసెన్సు రాసుకుంది. అయిదు పైసల ఖర్చు లేకుండా రైతు గొంతు తీసుకుని, దానితో చేసిన సేవను అదే రైతుకు అమ్మడం అన్యాయం. దాన్ని ఆపే నిబంధన సేకరణ మొదటిరోజునే ఉండాలి.

ఇక వాడకం సంగతి. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకు విత్తే అదను గురించి తెలుగులో సందేశాలు పంపాయి. దిగుబడి సగటున నూటికి 30 పెరిగిందని ప్రకటించాయి. తెలంగాణలో సాగు బాగు పథకం ఖమ్మం జిల్లాలో 7,000 మంది మిరప రైతులతో నడిచింది. ఎకరాకు దిగుబడి నూటికి 21 పెరిగిందని, పురుగుమందు వాడకం నూటికి 9 తగ్గిందని ప్రపంచ ఆర్థిక వేదిక తెలిపింది. రెండూ ఆశ కలిగించేవే. తెలంగాణ ప్రభుత్వం 2023 ఆగస్టులో వ్యవసాయ సమాచార మార్పిడి వేదికను కూడా ప్రారంభించింది. దాని దిశ సరైనది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవ ప్రభుత్వ సేవలను ఫోనులోకి తెచ్చింది. వాడకం పెరిగేకొద్దీ జనం అడిగినదంతా, వారి సమ్మతితో, తిరిగి ఉమ్మడి భాండారానికి చేరే దారి వేయాలి. ఆ దారి లేని సేవ ఎన్నేళ్లు నడిచినా కొత్తగా ఏమీ నేర్చుకోదు.

ఈ ప్రాంతానికి ఇలా పనుల వరస తప్పిన అనుభవం ఉంది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఆనకట్ట, ప్రధాన కాలువ పూర్తయినా పొలం దాకా పిల్లకాలువలు లేని చోట చివరి ఆయకట్టు రైతు ఎదురుచూస్తూనే ఉన్నాడు. భారీ గణన కేంద్రాలు కృత్రిమ మేధకు ఆనకట్టల వంటివి, జనం మాటల సేకరణ పిల్లకాలువల వంటిది.

ఈ సేకరణకు కావలసిన మనుషుల తర్ఫీదుకు సంస్థల కొరత లేదు. నరసరావుపేట చుట్టుపక్కల ఇంజినీరింగు కళాశాలలు ఉన్నాయి. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో డిజిటల్ సహాయకులు ఉన్నారు, రైతు సేవా కేంద్రాల్లో వ్యవసాయ సహాయకులు ఉన్నారు. మాటను రాతలోకి ఎక్కించడం, తప్పొప్పులు గుర్తించడం నైపుణ్యం కావలసిన ఉద్యోగం. దాన్ని ప్రాజెక్టు మార్కుల కోసం విద్యార్థుల చేత ఉచితంగా చేయించుకోకూడదు.

ఇలాంటి సేకరణకు నమూనాగా ప్రస్తుతం నకరికల్లు మండలంలో మిరప, పత్తి, వరి రైతుల మాటల నమోదు మొదలైంది. ఉపన్యాసకర్త చేపట్టిన ఈ పనికి వరస పంట క్యాలెండరు. మిరపకైతే నారుమడి నుంచి నాటు, ముడతలు, కోతలు, కల్లంలో ఆరబెట్టడం, తాలు కాయ ఏరడం, టిక్కీలు (బస్తాలు) కట్టి గుంటూరు యార్డుకు తోలడం దాకా ఏ దశ మాటలు ఆ దశలోనే, చేలోనే నమోదవుతాయి. కోత కూలీలను, తాలు ఏరే ఆడవాళ్లను విడిగా వినాలి. రైతుకు కనబడనివి వారికి కనబడతాయి. ప్రతి ధ్వనికీ తేదీ, ఊరు, వంగడం, నేల, వీలైతే ఆకు ఫొటో జత చేయాలి. సమ్మతి పత్రాన్ని తెలుగులో చదివి వినిపించి, ఎప్పుడైనా తమ గొంతు వెనక్కి తీసుకునే హక్కు ఉందని చెప్పాలి. చీడపీడల పేర్లను గుంటూరు లాం పరిశోధన స్థానం శాస్త్రవేత్తల చేత సరిచూపించాలి. భాండారం పరిశోధనకు ఉచితంగా, వ్యాపారానికి రుసుము మీద అందాలి. ఆ రుసుములో వాటా మండలానికి రావాలి.

ఒక మండలంలో రెండు పంట కాలాలు ఇలా నమోదైతే, ఒక్కో గంట ధ్వనిని సేకరించి, రాసి, సరిచూడడానికి ఎంత ఖర్చవుతుందో నికరంగా తేలుతుంది. ఆ లెక్కతో రాష్ట్రంలోని అన్ని మండలాలకూ శాశ్వత అంచనా వేసి, దాన్ని ఏటా బడ్జెట్టులో విడి పద్దుగా పెట్టవచ్చు.