చిరుతబల్లి కంటిజబ్బు

పంచాంగంలో బల్లిపాటు ఫలితాలు చూచుకొనే ఇంట పుట్టినదానిని నేను. తలమీద పడితే ఒక ఫలం, భుజంమీద పడితే మరొక ఫలం అని మా పెద్దలు లెక్క చూచేవారు. కంచిలో వరదరాజస్వామివారి కోవెలలోని బంగారుబల్లిని, వెండిబల్లిని తాకి వచ్చినవారిని ముట్టుకొంటే ఆ దోషం పోతుందని మా నమ్మకం. అటువంటి నేను ఒక శీతకాలంలో మూడు వారాలపాటు, రోజుకు మూడు పూటలా, ఒక బల్లి కంట్లో మందు వేసినానంటే మీలో చాలమంది నవ్వుకొనవచ్చును. నవ్వుకొన్న తరువాతనైనా ఈ సంగతి వినవలెనని నా మనవి. ఏమంటే, ఆ మందు వేయడానికి ముందు నేను చేయబోయిన పొరపాటు జంతువులను పెంచే ఇండ్లలో ఎక్కడైనా జరగగలది.

న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట ఉన్న రోజులవి. పదకొండేండ్ల మా మనవడు పెంచుకొనే ప్రాణి ఆ బల్లి. దానిని అక్కడివారు లెపర్డ్ గెకో అంటారు. మనం చిరుతబల్లి అనుకొందాం. పసుపుపచ్చని ఒడలు, దానిమీద నల్లని మచ్చలు, లావుపాటి తోక. తలనుండి తోక చివరవరకు జానెడు మించి ఉంటుంది. మన గోడబల్లివలె దీని వేళ్ళకు అంటుకొనే మెత్తలు లేవు. కనుక గోడ యెక్కలేదు, నేలమీదనే మెల్లగా నడుస్తుంది. పగలంతా రాతిచాటున పడుకొని, మునిమాపువేళ వేటకు బయలుదేరుతుంది. చక్కగా చూచుకొంటే పదిహేను, ఇరవై యేండ్లు కూడ బ్రతుకుతుంది.

ఇది అమెరికా బల్లి అనుకొనేరు, కాదు. దీని పుట్టిల్లు అఫ్గానిస్థానం, పాకిస్థానం, వాయవ్య భారతదేశపు రాతినేలలు. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం బాధ్యతలు చూచిన ఎడ్వర్డ్ బ్లైత్ అనే ఆయన పంజాబులోని ఉప్పుకొండల నుండి వచ్చిన బల్లిని పరిశీలించి, 1854లో శాస్త్రలోకానికి దీనిని పరిచయం చేసినాడు. మన తూర్పుకనుమలలోనూ దీని దాయాదులున్నవి. ఆంధ్రప్రదేశ్, ఒడిశా కొండలలో ఉండే ఒక జాతికి 2022లో కొత్తగా నామకరణం జరిగినది. పల్లెలలో ఇటువంటి బల్లిని విషజంతువని భయపడి కొట్టి చంపడం కద్దు. గెకో జాతులలో విషం గలది ఒక్కటీ లేదు. అట్లని కొండమీదినుండి పట్టి తెచ్చి పెంచరాదు. అడవిలోని బల్లి అడవిలోనే ఉండవలెను. మా మనవడి బల్లి అక్కడి పెంపకందారుల వద్ద, పెట్టెలోనే పుట్టినది.

ఈ ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు యూబ్లెఫారిస్. గ్రీకుభాషలో మంచి కనురెప్పలు గలది అని అర్థం. మన గోడబల్లికి కదిలే రెప్పలు లేవు; కంటిమీద అద్దంవంటి పొర ఒకటి కప్పి ఉంటుంది, దానిని నాలుకతో నాకి శుభ్రం చేసుకొంటుంది. చిరుతబల్లికి మాత్రం మనకువలెనే పైరెప్ప, క్రిందిరెప్ప ఉన్నవి. కన్ను మూస్తుంది, తెరుస్తుంది. ఆ మంచి రెప్పలే దానికి ఒక్కొక్కప్పుడు చేటు తెస్తవి. ఎట్లనగా, ఈ బల్లి నెలకొకటి రెండుసార్లు కుబుసం విడుస్తుంది. చుట్టూ గాలిలో తేమ చాలకపోతే పాతచర్మం పూర్తిగా ఊడిరాదు. వ్రేళ్ళచుట్టూ, రెప్పల అంచులలోపల చిన్న ముక్కలు మిగిలిపోతవి. రెప్పక్రింద ఇరుక్కొన్న ఆ ముక్క కంటిని నలుసువలె రాస్తుంది.

ఒకనాటి సాయంకాలం మనవడు నా దగ్గరకు వచ్చి, "అమ్మమ్మా, ఇది ఒక కన్ను తెరవడం లేదు" అన్నాడు. పోయి చూస్తే ఎడమకన్ను మూసికొని, తలను పెట్టె అంచుకు రాచుకొంటూ ఉన్నది. రెప్ప ఉబ్బి ఉన్నది. కీచురాయిని ముందు విడిస్తే ఎగబడినది గాని, అంగుళం ప్రక్కగా నోరు మూసినది. రెండుసార్లు గురి తప్పి, మూడవసారి ప్రయత్నమే మానుకొన్నది. అది తినక అప్పటికి నాలుగు రోజులైనదని తరువాత తెలిసినది. పిల్లవాడు భయపడి చెప్పలేదు.

ఇక నా తెలివితేటలు వినండి. అంతకు కొన్ని నెలల ముందు నాకు కంటిశుక్లానికి శస్త్రచికిత్స జరిగినది. ఆ తరువాత వేసుకొమ్మని ఇచ్చిన చుక్కలమందు ఇంకను సగం సీసా నా పెట్టెలో ఉన్నది. మనిషి కంటికి పనిచేసినది బల్లి కంటికి పనిచేయదా అనుకొన్నాను. సీసా మూత తీసినాను కూడ. మా అమ్మాయి పనినుండి అప్పుడే వచ్చి, "అమ్మా, ఆగు. డాక్టరును అడగకుండా వేయవద్దు" అని చేయి పట్టుకొన్నది. నాకు కొంచెం కోపమే వచ్చినది. ఒక బల్లికోసం డాక్టరేమిటి, డబ్బు దండుగ అని నసిగినాను.

మరునాడు సరీసృపాలకు వైద్యం చేసే డాక్టరు వద్దకు తీసికొనిపోయినారు. అందరు పశువైద్యులు ఈ ప్రాణులను చూడరు, వెదకవలసి వచ్చినది. ఆమె మొదట బల్లిని తూచినది. తరువాత ఆమె అడిగిన ప్రశ్నలలో కంటినిగురించి ఒక్కటీ లేదు. పెట్టెలో వేడి ఎంత? తేమ ఎంత? నేలమీద ఏమి పరచినారు? పురుగులకు మీరేమి పెడుతున్నారు? మా మనవడు సగం ప్రశ్నలకు జవాబు చెప్పలేక నావైపు చూచినాడు.

అటుపిమ్మట గోరువెచ్చని సెలైన్ నీటితో కన్ను తడిపి, భూతద్దంలో చూస్తూ, తడిసిన దూదిపుల్లతో రెప్పలోపలినుండి ఉంగరంవంటి పాతచర్మపు ముక్కను తీసినది. దానితోపాటు జున్నువలె గట్టిపడిన చీము కొంచెం వచ్చినది. సరీసృపాల చీము మనచీమువలె కారదు, గట్టిపడి రెప్పక్రింద ముద్దగా నిలుస్తుంది. అందువలన చుక్కలు ఎన్ని వేసినా ఆ ముద్దను తీయనిదే మందు లోపలికి పోదు. తరువాత కంటికి ఒక రంగు వేసి నీలికాంతిలో చూపినది. నల్లగుడ్డుమీది పారదర్శకమైన పొరపై గసగసాలగింజంత మేర ఆకుపచ్చగా మెరిసినది. పొర చెదిరి పుండైన చోటనే ఆ రంగు నిలుస్తుందట.

అప్పుడు నా సీసా సంగతి మా అమ్మాయి చెప్పినది. డాక్టరు సీసాపై పేరు చదివి తల అడ్డంగా ఊపినది. అందులో సూక్ష్మజీవులను చంపే మందుతోపాటు స్టెరాయిడు ఉన్నది. శస్త్రచికిత్సానంతరం నా కంటి వాపు తగ్గించడానికి అది మంచిదే. పుండు ఉన్న కంటిలో వేస్తే మాత్రం పుండు మానకుండా చేస్తుంది, సూక్ష్మజీవులకు మేలు చేస్తుంది. నల్లగుడ్డు చిల్లిపడి కన్నే పోవచ్చును. కన్ను పోయిన బల్లి పెట్టెలో బ్రతకకపోదు, కాని పురుగును చూచి పట్టే ప్రాణికి అది చిన్న నష్టం కాదు. నేను మరి మాట్లాడలేదు.

ఆమె స్టెరాయిడు లేని చుక్కలమందు, నొప్పికి వేరొక మందు ఇచ్చినది. మందువేసే పని నాకే వచ్చినది, పగలు ఇంట ఉండేదానిని నేనే గనుక. బల్లిని తోకపట్టి ఎత్తరాదు, తోక ఊడిపోతుంది. మళ్ళీ మొలుస్తుంది గాని, కొవ్వు దాచుకొనేది ఆ తోకలోనే. జబ్బులో ఉన్న బల్లికి అది ధాన్యపుగాదె. అరచేతిని పొట్టక్రింద పోనిచ్చి ఎత్తవలెను. సీసాను పిడికిట్లో పట్టుకొని చలువ పోగొట్టి, మూసిన రెప్పమీదనే ఒక చుక్క విడిచి కదలకుండా కూర్చొంటే, కాసేపటికి అదే కన్ను తెరుస్తుంది, మందు లోపలికి జారుతుంది. బలవంతాన రెప్ప లాగనక్కరలేదు. కంటిలో కనబడే చర్మపుముక్కను శ్రావణంతో పీకడం మరీ ప్రమాదం. ముందును వెనుకను చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. ఆరోగ్యంగా కనబడే బల్లులలోకూడ సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చును, పసిపిల్లలకు దానివలన విరేచనాలు పట్టుకొంటవి. మా అమ్మాయి వంటింటి తొట్టిలో బల్లి సామాను కడగనిచ్చేది కాదు. ఈ ఒక్క విషయంలో నాకును ఆమెకును ఏకాభిప్రాయం.

మందుకంటె ఎక్కువ శ్రమ పెట్టెను సవరించడంలో కలిగినది. శీతకాలంలో ఇల్లు వెచ్చచేసే యంత్రంవలన ఇంటిలోని గాలి పొడిబారుతుంది. మనుషుల పెదవులే పగిలిపోతుంటే బల్లి కుబుసం సంగతి చెప్పనేల? పెట్టెలో ఒక మూల మూతగల చిన్న డబ్బాకు ద్వారం కోసి, తడిపిన నాచు అందులో పరచినాము. కుబుసం విడిచే ముందు ఒళ్ళు పాలిపోయినట్లు తెల్లబడుతుంది. అప్పుడు అది తానే పోయి ఆ తడిగదిలో కూర్చొంటుంది. నేలమీది ఇసుక తీసివేసి, తెల్ల కాగితపు తువాళ్ళు వేసినాము. ఇసుకరేణువు పుండుకంటిలో పడితే ఏమగునో వేరే చెప్పనక్కరలేదు. పెట్టెకు ఒక ప్రక్క నేల 32 డిగ్రీల సెంటిగ్రేడు వేడి, మరొక ప్రక్క 25 డిగ్రీలు ఉండేటట్లు థర్మోస్టాట్ అమర్చినాము. అంతకుముందు మా పెట్టెలో వెచ్చని ప్రక్క 27 మించి లేదు. సరీసృపం తన రక్తాన్ని తాను వేడిచేసుకొనలేదు. చుట్టూ వేడి చాలకపోతే తిన్నది అరగదు, రోగంతో పోరాడే శక్తి రాదు, మంచి మందు వేసినా పుండు మానదు.

తినిన తిండి మాట మరొకటి. డాక్టరు ఏ విటమిన్ లోపాన్నికూడ అనుమానించినది. ఆ మాట వినగానే నాకు మన ఊళ్ళలోని రేచీకటి జ్ఞాపకం వచ్చినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో ప్రభుత్వం పసిపిల్లలకు ఏ విటమిన్ మోతాదులు ఇచ్చే పథకం ప్రారంభించినది; మా పిల్లలకు చెంచాతో ఆ నూనెమందు పోయించినదానిని నేనే. ఆ విటమిన్ కొరవడితే బిడ్డల కన్నులు తడి ఆరిపోతవి. బల్లిలోనూ అంతే, కంటికి తడినిచ్చే గ్రంథుల లోపలిపొర మొద్దుబారి, నాళాలు పూడుకొనిపోయి, రెప్పక్రింద మురికి చేరుతుంది. మనం ఆకుకూరలోని, క్యారట్‌లోని పదార్థాన్ని ఏ విటమిన్‌గా మార్చుకొనగలం. పురుగులు తినే బల్లులలో చాలవాటికి ఆ శక్తి తక్కువని సరీసృప వైద్యుల అభిప్రాయం. కనుక తయారైన ఏ విటమిన్ గల పొడిని, కాల్షియం పొడిని వంతులవారీగా కీచురాళ్ళకు అద్ది పెట్టవలెను. పొడి ఎక్కువైతే అదే విషమగును. అందుచేత ఎంత, ఎన్నాళ్ళకొకసారి అనేది డాక్టరునే అడగవలెను. పురుగులకు కూడ ఒకరోజు ముందు మంచి తిండి పెట్టవలెనట. మా వాడు అంతవరకు పిండిపురుగులు తప్ప వేరేమీ పెట్టలేదు, వాటికి ఒట్టి తవుడు తప్ప మరేమీ వేయలేదు.

మొదటి వారం భయంగానే గడిచినది. డాక్టరు వద్ద తూచినప్పుడు 55 గ్రాములున్న బల్లి 52కు దిగినది. తోక మొదలు సన్నబడినది. చిన్న త్రాసులో ప్రతి ఉదయం తూచి మనవడు గోడమీది క్యాలెండరులో వ్రాసేవాడు. వెనుకకాళ్ళు తీసిన కీచురాయిని శ్రావణంతో పట్టి, మంచి కంటివైపునుండి మూతికి తాకించేవాడు. ఎనిమిదవ నాటి రాత్రి ఒకటి పట్టుకొన్నది. పిల్లవాడు అరిచిన అరుపుకు ఇల్లంతా లేచి వచ్చినాము.

మూడు వారాల తరువాత డాక్టరు మళ్ళీ రంగు వేసి చూచినది. ఆకుపచ్చ ఎక్కడా మెరవలేదు. పుండు ఉన్నచోట మాత్రం పొగమంచువంటి చిన్న మచ్చ మిగిలినది. అది పోదట. దానివలన ఎడమప్రక్క చూపు కొంచెం మందగించినట్లున్నది; పురుగును చూచేటప్పుడు తల ఒకవైపు త్రిప్పి చూస్తుంది. ఇప్పుడు మా మనవడు కీచురాళ్ళను దానికి కుడిప్రక్కనే విడుస్తున్నాడు.