కులపట్టికయందు కానరాని పేళ్లు

(ఓర్వకల్లున జరిగిన వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు, కల్యాణమండపమును గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. అవి యన్నియు వలసినవే. మాకు నియమింపబడిన విషయము స్త్రీలయొక్కయు, తృతీయప్రకృతి వారనగా హిజ్రాలు మొదలగు వారియొక్కయు హక్కులు. ఇది శాసనసభలు చూచుకొనవలసిన పని గాని కులసభకు దీనితో నేమి పనియని కొందఱు తలంపవచ్చును. శాసనము చేయవలసిన పని చాలవఱకు చేసినది. అది మన గడప దాటి లోనికి రాకుండ నడ్డుచున్నది కులమర్యాద యను పేర మనము నడపు ఆచారము. కావున నీ విషయము కులసభయందే చర్చింపదగినది.

మొదట దాయభాగమును గూర్చి. 1937 నాటి చట్టము విధవకు భర్త యాస్తిపై జీవితకాలపు టనుభవమును మాత్రమే యిచ్చెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీ యాస్తిపై ఆమెకు సంపూర్ణాధికార మిచ్చెను. పిత్రార్జితమున కూతురు కొడుకుతో సమాన భాగస్వామినియని మన ఆంధ్రప్రదేశము 1985 సెప్టెంబరు 5వ తేది నుండియే యంగీకరించెను. ఐనను అంతకు ముందే పెండ్లియైన కూతుండ్ర కది వర్తింపలేదు. ఆ కొఱతను 2005 నాటి కేంద్ర సవరణ చట్టము తీర్చెను. ఆ దినమునకు తండ్రి జీవించి యుండనక్కఱ లేదనియు, కూతు హక్కు పుట్టుకతోనే వచ్చునదనియు 2020 ఆగస్టు 11వ తేదిన సుప్రీముకోర్టు నిర్ణయించెను.

ఇంత జరిగియు, రిజిస్ట్రారు కచేరిలో నేమి జరుగుచున్నది? పుట్టినింటి చీర యొకటి పెట్టి, హక్కు విడుదల పత్రముపై ఆడుబిడ్డచేత వ్రేలిముద్ర వేయించుట మనమెఱుగనిది కాదు. అడిగినచో పుట్టినిల్లు పోవునను భయమే ఆమెచేత ఆ ముద్ర వేయించుచున్నది. ఇది హిందువుల యిండ్లకే పరిమితము కాదు. మన పొరుగున నున్న మహమ్మదీయుల ధర్మశాస్త్రము కొడుకు పాలిలో సగము కూతునకు నిర్ణయించినది. క్రైస్తవులకు వర్తించు 1925 నాటి వారసత్వ చట్టము కొడుకునకును కూతునకును సమభాగ మిచ్చినది. శాస్త్రములు మూడు విధములు. వాకిట జరుగు వ్యవహారము మాత్రము తఱచుగా నొక్కటే.

మెట్టభూమి నాలుగెకరములు పంచుకొన్న నెవరికేమి మిగులునని కొంద ఱందురు. నలుగురు కొడుకులున్న యింట ఈ ప్రశ్న యెవరును వేయరు. కట్నమే ఆమె భాగమని మఱికొంద ఱందురు. 1961లోనే చట్టము నిషేధించిన యా కట్నము చేరునది అత్తవారి చేతికి గాని ఆమె చేతికి కాదు.

మన సీమలో బసివి యను నాచార మొకటి యుండెను. మగసంతు లేనివారు కూతును దైవమునకు విడిచి, పెండ్లి లేకుండ పుట్టినింటనే నిలుపుకొని, కొడుకువలె ఆమెకు వారసత్వ మిచ్చుచుండిరి. బళ్లారి, కర్నూలు, అనంతపురము ప్రాంతములం దిది ప్రసిద్ధము. దీని యర్థమేమి? ఆడుబిడ్డకు భాగ మీయవచ్చునని మన పూర్వు లెఱుగుదురు. అందుకు వెలగా ఆమె బ్రతుకును తీసికొనిరి. దేవదాసీ సమర్పణమును మద్రాసు ప్రభుత్వము 1947లోను, బసివి, జోగిని పద్ధతులను గూడ చేర్చి ఆంధ్రప్రదేశము 1988లోను నిషేధించెను. ఆ వెల లేకుండ నిచ్చునదే నేటి హక్కు.

ఇక రెండవ విషయము. వానలు కురియని యేట విరాటపర్వము చదివించుట తెలుగునాట పరిపాటి. మన యెండిన సీమకు దాని యవసరము చెప్పనేల? ఆ కథలో అర్జునుడు బృహన్నలయై యేడాది పాటు విరాటుని కొలువున నుండి ఉత్తరకు నాట్యము నేర్పెను. ఆ రాజు తన కూతునే అతని చేతి కప్పగించెను. ఆ కథను వానకొఱకు భక్తితో విందుము. ఎల్లమ్మ పేర జోగప్ప వచ్చిన చేటలో బియ్యము పోసి మ్రొక్కుదుము. మన కడుపున బుట్టిన బిడ్డయే నేను పుట్టుకతో మగవాడను గాని మనసున ఆడుదానననిన, కొట్టి వీధి పాలు చేయుదుము. ఆ బిడ్డ చప్పట్లు కొట్టి యాచించిన నవ్వుదుము. ఇల్లును, బడియు, పనియు దూరమైనవారికి యాచన గాక మఱియేమి మిగులును?

2014 ఏప్రిలు 15వ తేదిన సుప్రీముకోర్టు, వీరికి తమ లింగమును తామే నిర్ణయించుకొను హక్కు కలదనియు, రాజ్యాంగము పౌరులందఱికి నిచ్చిన హక్కులు వీరికిని కలవనియు తీర్పు చెప్పెను. నిజాము రాజ్యమున 1919లో పుట్టి, హిజ్రాలను నేరస్థులుగా చూచిన చట్టమును తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టివైచెను. 2019లో పార్లమెంటు చేసిన చట్టము, కోర్టు ఉత్తరువు లేక ఇట్టి బిడ్డను తలిదండ్రులనుండి వేఱు చేయరాదని శాసించెను. కాని యే పోలీసును ప్రతి గడపకడ నిలువలేడు.

ఆ తలిదండ్రులు క్రూరులు కారు. చెల్లెండ్రకు సంబంధములు రావని వారి భయము. ఆ భయము వట్టిది కాదు. అయితే సంబంధము లిచ్చువారును, మానువారును ఎవరు? ఈ సభలో కూర్చున్నవారమే. కావున ఆ భయమును తీర్పగల శక్తి ప్రభుత్వమునకు లేదు, మనకు కలదు.

మార్పు మన నేలలో మొలవదని యనుకొనవలదు. 1990 దశకపు ఉత్తరార్ధమున ఐక్యరాజ్యసమితి సహాయ కార్యక్రమముతో ఈ ఓర్వకల్లు మండలపు స్త్రీలు పొదుపు సంఘములుగా గూడిరి. పిదప మండలమంతకు నొక ఐక్యసంఘమును గట్టుకొని, బిడ్డలకొఱకు పాఠశాలను గూడ నెలకొల్పిరి. పొదుపు సంఘపు పుస్తకములో ఆమె పేరు ఫలానివాని భార్య యని గాక సభ్యురాలని యుండును. అప్పు ఆమె పేర వచ్చును, తీర్చుటయు ఆమె పేరనే. పుస్తకములో పేరుండుట యెంతటి బలమో దీనివలన తెలియును.

మన సంఘపు కుటుంబ పట్టికయందు గృహయజమాని పేరు, కుమారుల పేళ్లు కలవు. కూతుండ్రను సంఖ్యగా చూపితిమి. విధవరాండ్ర పేళ్లు మఱుగుపడినవి. ఇల్లు వెడలిన బిడ్డలు పుట్టనే లేదన్నట్లున్నారు. కావున మా ప్రార్థనలు ఇవి. వచ్చు సంవత్సరపు పట్టికలో ప్రతి కూతును, ప్రతి విధవను పేరుపేరున వ్రాయవలెను. తృతీయప్రకృతి బిడ్డను, ఆ బిడ్డ సమ్మతించినచో, తాను కోరుకొన్న పేరనే వ్రాయవలెను. ఆడుబిడ్డకు తన భాగము విలువ యెంతయో ఒంటరిగా తెలిపి ఆమె మనసు తెలిసికొననిదే, మన పెద్దలెవరును హక్కు విడుదల పత్రముపై సాక్షి సంతకము చేయరాదు. విద్యార్థి వేతనమునకును, వసతిగృహమునకును ఏ బిడ్డయు ప్రకృతి కారణమున అనర్హము కారాదు. అట్టి బిడ్డను ఇంట నిలుపుకొన్నవారితో వియ్యమందుటకు పోషకుల కుటుంబములే ముందునకు రావలెను. 1881 డిసెంబరు 11వ తేదిన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. అట్టి తెలుగునాట, మన కల్యాణమండపమున విధవ తల్లి తన బిడ్డపై అక్షతలు చల్లుట కెవరును అడ్డు చెప్పరాదు.

వీనికి చందా వలదు, భవనము వలదు. తీర్మాన మొకటి, దానిని పాటించు పెద్దలు పదుగురు చాలును. మండపపు గోడపై దాతల పేళ్లు చెక్కించుట మంచిదే. మన బిడ్డల పేళ్లు మన పుస్తకములో నుండుట అంతకు ముందు జరుగవలసిన పని. ఈ తీర్మానమును నేటి సభయందే యామోదింప వేడుచున్నాము.