నీళ్ళు మానేయడం వైద్యం కాదు



దగ్గితే, తుమ్మితే మూత్రం చుక్కలు పడటం ఒక సమస్య. మూత్రాశయం నిండకముందే దాని కండరం బిగుసుకుని, ఉన్నట్టుండి మూత్రం తోసుకురావడం మరొకటి. దీన్నే డాక్టర్లు ఓవర్‌యాక్టివ్ బ్లాడర్ అంటారు. మనమేమో కాన్పుల వల్లనో, వయసు వల్లనో అని సరిపెట్టుకుంటాం. బస్సెక్కాలంటే నీళ్ళు తాగడం మానేస్తాం. దాంతో మూత్రం చిక్కబడి బాధ ఇంకా పెరుగుతుంది.

ముందు ఇన్‌ఫెక్షన్, షుగరు ఉన్నాయేమో పరీక్ష చేయించుకోవాలి. కాఫీ, టీలు తగ్గించడం, కటి కండరాల వ్యాయామం, మూత్రానికి వెళ్ళే వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుకోవడం మొదటి వైద్యం. అవి చాలకపోతేనే మందులు. ఆక్సీబ్యుటినిన్, సోలిఫెనాసిన్ వంటివి నోరు ఎండగొడతాయి, మలబద్ధకం తెస్తాయి. వృద్ధులకు, ముఖ్యంగా ఆక్సీబ్యుటినిన్‌తో, తికమక కలగవచ్చు. మిరాబెగ్రాన్ రక్తపోటు పెంచవచ్చు. ఇవేవీ చెప్పకుండా చీటీ రాసిస్తే, అడిగి తెలుసుకోవడం మన హక్కు. నోరెండుతోందని చెప్పాపెట్టకుండా మాత్ర మానేయకండి. మోతాదో మందో మార్చమనండి.

అయితే ఏ మాత్రా మరుగుదొడ్డి కట్టించదు. కోళికోడ్ దుకాణాల్లో పనిచేసే స్త్రీలు మూత్రశాలల కోసం, కూర్చునే హక్కు కోసం సంఘటితమయ్యారు. 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. మనం కూడా మందుల సమాచారం, మూత్రశాల రెండూ కలిపే అడుగుదాం.