సీనాయి కొండ ఎక్కి దిగినవారి మాట

(శతాబ్ది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష ఖండము నుండి సీనాయి యాత్రకు వెళ్ళివచ్చిన 22 మందిమి కలిసి ఈ నాలుగు మాటలు సిద్ధపరచుకున్నాము. చదివేది ఒకరే గాని, మాట అందరిదీ.

మొదట ఆ కొండ సంగతి. ఈజిప్టు దేశములో, సీనాయి ద్వీపకల్పమునకు దక్షిణ భాగమున ఉన్న ఈ కొండను అక్కడివారు జెబెల్ మూసా, అనగా మోషే కొండ అంటారు. ఎత్తు 2,285 మీటర్లు. మన తూర్పు కనుమలలోని జిందగడ శిఖరము సుమారు 1,690 మీటర్లే. అయితే ఆ ప్రాంతములో ఇదే అన్నిటికంటె పెద్ద కొండ కాదు. దగ్గరలోనే ఉన్న కతెరీనా కొండ 2,629 మీటర్లు. నిర్గమకాండములోని సీనాయి ఇదేనా అన్న విషయములో పండితులకు ఏకాభిప్రాయము లేదు. అయినను 4వ శతాబ్దము నుండి క్రైస్తవులు ఇక్కడికే వచ్చి ప్రార్థిస్తున్నారు. ఆ శతాబ్దపు చివర ఎగేరియా అనే భక్తురాలు పడమటి దేశము నుండి వచ్చి, కాలినడకన శిఖరమెక్కి, ఆ ప్రయాణమంతా తన సహోదరీలకు ఉత్తరముగా వ్రాసింది. పైనున్న చిన్న గుడిలో సంస్కారము పుచ్చుకున్న తరువాత, అక్కడి గురువులు ఆ కొండమీదనే పండిన పండ్లు ఇచ్చారని కూడ వ్రాసింది. వచ్చినవారిని వట్టి చేతులతో పంపకపోవడము మన పల్లెల్లోనే కాదు, ఆ బండల మధ్య కూడ ఉన్నదన్నమాట.

కొండ అడుగున పరిశుద్ధ కతెరీనా మఠమున్నది. 6వ శతాబ్దములో జస్టీనియన్ చక్రవర్తి కట్టించినది. ఆ మఠమునకు పెద్దగా ఉండిన యోహాను అనే భక్తుడు ఆత్మీయ జీవితమును 30 మెట్ల నిచ్చెనగా వివరిస్తూ ఒక గ్రంథము వ్రాశాడు. దినమంతా ఆ కొండను చూస్తూ బ్రతికినవానికి ఆ పోలిక తోచడములో వింత లేదు.

పైకి రెండు దారులు. మఠము వెనుకనుండి సన్యాసులు పేర్చిన రాతి మెట్ల దారి ఒకటి; 3,750 మెట్లని లెక్క. రెండవది 19వ శతాబ్దములో అబ్బాస్ పాషా వేయించిన ఒంటెల బాట. దూరము ఎక్కువైనా వాలు తక్కువ. రెండు దారులు చివరి 750 మెట్లకు క్రిందగా కలుస్తాయి. అక్కడనుండి ఒంటెలు పోవు. ఎవరి కాళ్ళమీద వారు ఎక్కవలసిందే.

సూర్యోదయమునకు శిఖరము మీద ఉండాలని రాత్రి 1 గంటకు ఒంటెల బాటన బయలుదేరాము. దారి చూపినవాడు జెబలియా తెగ యువకుడు. మఠమును కాపాడుటకు జస్టీనియన్ పంపిన కుటుంబాలే తమ పూర్వీకులని ఆ తెగవారి నమ్మకము. వారు మహమ్మదీయులు; అయినను తరతరాలుగా ఆ మఠమును అంటిపెట్టుకొని పనిచేస్తున్నారు. చేతిలో టార్చిలైట్లు, తలలకు మఫ్లర్లు, ఎదురు చలిగాలి. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలుచనై, పది అడుగులకొకసారి ఊపిరి కోసం నిలువవలసి వచ్చింది. మొదట కీర్తనలు పాడినవారము, గంట గడిచేసరికి మాటలు కూడ మానుకున్నాము.

మాలో బైబిలు స్త్రీగా 31 సంవత్సరములు పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక తల్లి ఉన్నది. డెబ్బది దాటిన వయస్సు. ఒంటెమీద మెట్ల మొదటివరకు వచ్చింది. నాలుగు మెట్లెక్కి మోకాళ్ళు పట్టుకొని కూర్చున్నది. తెల్లవారడానికి ఇంక గంట కూడ లేదు. మాలో మాటలు పెరిగాయి. ఎత్తుకొని పోదామని కొందరు. చీకటిలో ఆ ఎగుడుదిగుడు రాళ్ళమీద ఇద్దరూ పడితే దిక్కెవరని కొందరు. అప్పు చేసి వచ్చినవారున్నారు. మరల ఈ జన్మలో రాలేనివారున్నారు. ఆమెను ఆ చలిలో ఒంటరిగా విడువడానికి మాత్రము ఎవరికీ మనసొప్పలేదు. చివరకు ఇద్దరు యౌవనస్థులు, "అమ్మగారూ, మేమిద్దరము మీ దగ్గర ఉంటాము" అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. "వద్దు నాయనా, అంత దూరము నా కోసమే వచ్చారా? పోండి" అని గద్దించింది. వారు కదలలేదు. అక్కడి టీ గుడిసెలో ఆమెను కూర్చోబెట్టి, కంబళి కప్పి, చెరియొక ప్రక్కన కూర్చున్నారు. తక్కిన 19 మందిమి పైకి వెళ్ళాము.

శిఖరము మీద 1934లో పాత గుడి శిథిలాల చోట కట్టిన చిన్న గుడి ఒకటి, చిన్న మసీదు ఒకటి ఉన్నవి. తూర్పున ఎరుపు లేచింది. మొదట దూరపు శిఖరాల కొనలు, పిమ్మట లోయలు ఒక్కొక్కటే వెలుగులోనికి వచ్చాయి. పచ్చని చెట్టు కనబడదు. కనుచూపు మేర ఎర్రని రాయి. గురువుగారు ప్రార్థించారు. చాలమందికి కన్నీళ్ళు ఆగలేదు.

దిగివచ్చేసరికి ఆ తల్లి గుడిసెవానితో చెప్పి అందరికీ వేడి టీ సిద్ధము చేయించింది. మేము ఫోన్లలో తీసిన ఫోటోలు చూపబోయాము. "కళ్ళజోడు క్రిందనే మరచిపోయాను. నోటితో చెప్పండి" అన్నది. ఒక్కొక్కరిని ప్రక్కన కూర్చోబెట్టుకొని, "నీవేమి చూశావు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెదకుకొంటుంటే గాని, పైన చూసినదేమిటో మాకే సరిగా తెలిసిరాలేదు. ప్రక్కనున్న ఇద్దరు యువకులు కూడ మా నోటిమాటలతోనే కొండ ఎక్కారు.

ప్రియులారా, నిర్గమకాండము తెరచి చూడండి. మోషే కొండ ఎక్కడము ఎంత ముఖ్యమో, దిగడము అంత ముఖ్యము. ప్రజలు క్రింద ఉన్నారు. మాట వారి కోసము. ఆయన దిగిరావడము ఆలస్యమైనప్పుడే క్రిందివారు బంగారు దూడను చేసుకున్నారు. హోరేబుకు వచ్చిన ఏలీయాను సహితము దేవుడు అక్కడ ఉండనీయలేదు. చేయవలసిన పని చెప్పి తిరిగి పంపాడు.

ఈ శతాబ్ది కూడ మనకొక శిఖరమే. పందిళ్ళు, ఊరేగింపులు, ఈ సంచిక, అన్నీ సంతోషమే. అయితే నూరేండ్లు ఈ భారము మోసినవారు నేడు ఎక్కడ ఉన్నారు? కాలినడకన ఊరూరా తిరిగిన బైబిలు స్త్రీలు, ఉపదేశకులు అనేకులు ఇల్లు కదలలేక ఉన్నారు. మన గుళ్ళు ఎత్తైన అరుగులమీద కట్టినవి. ఆ ఏడెనిమిది మెట్లు మోకాళ్ళు నొచ్చేవారికి సీనాయితో సమానము. అందుచేత మా మనవి మూడు మాటలు. ప్రతి గుడికి మెట్ల ప్రక్కన ఒక వాలుబాట, పట్టుకొనుటకు ఒక కమ్మీ ఏర్పాటు చేయండి. గుడికి రాలేనివారి యింటికి నెలకొకసారైనా సంస్కారము చేరనివ్వండి. యౌవనస్థులారా, మీరిద్దరిద్దరుగా వెళ్ళి వారి ప్రక్కన కూర్చొని, "మీరేమి చూశారు?" అని అడిగి వ్రాసుకొనండి. ఆ నోళ్ళు మూతబడితే మన చరిత్రలో సగము పోతుంది.

శిఖరము మీద నిలిచినది అరగంట. ఎక్కడానికి, దిగడానికి పట్టినది ఆరు గంటలు. మన సంఘము బ్రతుకంతా ఆ ఆరు గంటలలోనే ఉన్నది. ఆ దారిలో ఎవరినీ ఒంటరిగా విడువని మనసు ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.